కానరాని సారథి

రథము మేలైనదై, గుఱ్ఱములు బలము గలవై, బాట చక్కనిదై యున్నను, సారథి త్రోవ యెఱుగనివాడైనచో బ్రయాణము సాగదు. సారథి మనసు కలిసిరానప్పుడు ఎంతటి వీరునికైన నే గతి పట్టునో కర్ణుని కథవలన మనమెఱుగుదుము. శల్యసారథ్యమను మాట నేటికిని మన యిండ్లలో వాడుకయందున్నది. కంప్యూటరునందును ఇట్టి సారథులు కొందఱు గలరు. వారు మనుష్యులు గారు; ఒక్కొక్క పరికరమును నడపుటకై వ్రాయబడిన కార్యక్రమములు. వానిని డ్రైవర్లందురు. ప్రింటరున కొక డ్రైవరు, ధ్వనికొక డ్రైవరు, తెరకొక డ్రైవరు. తమ పని చక్కగా సాగుచున్నంతకాలము ఇవి యున్నట్లే యెవ్వరికిని దెలియదు. పని చెడిన దినముననే వీని పేరు వినబడును.

తెరను నడపు డ్రైవరును గూర్చియు, దానిని సరిపఱచుటలో మన పాఠశాలయందు నాకు గలిగిన యనుభవమును గూర్చియు నాలుగు మాటలు వ్రాయదలచితిని. యంత్రముల ముచ్చట యనగానే పుట త్రిప్పివేయవలదని తల్లిదండ్రులకు మనవి. ఇందులో నొక బాలిక కన్నుల సంగతియు, ఆమె చదువు సంగతియు గలవు.

తెరపై బొమ్మ యెట్లు కలుగునో మొదట జెప్పుకొందము. మన యాడువారు ముంగిట ముగ్గు పెట్టునప్పుడు ముందుగా చుక్కలుంచి, పిదప గీతలతో వానిని గలుపుదురు. కంప్యూటరు తెరయందు గీతలు లేవు, ఉన్నవన్నియు చుక్కలే. అవి మిక్కిలి చిన్నవై దగ్గఱదగ్గఱగా నుండుటచేత మన కంటికి గీతలవలె దోచును. 19 అంగుళముల వెడల్పు తెర యొకదానిని తీసికొందము. దానికి అడ్డముగా 1440, నిలువుగా 900 చుక్కలుండును. గుణించినచో 12,96,000 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగును వ్రాసియుంచుటకు 4 బైట్ల చోటు కావలయును. కావున ఒక్క బొమ్మకు 51,84,000 బైట్లు పట్టును. ఆ బొమ్మను సెకనునకు 60 మారులు చదివి తెరకు బంపుచుండవలయును. అనగా సెకనునకు 31 కోట్ల బైట్లకు పైమాట. మనము అక్షరమైన వ్రాయక చేతులు ముడుచుకొని కూర్చుండియున్నను ఈ పని యాగదు.

ఈ పని చేయు భాగమునకు గ్రాఫిక్స్ భాగమని పేరు. ఇది రెండు తెఱగులు. మొదటిది ప్రత్యేకమైన కార్డుగా నుండును. దానికి సొంత మెమరీ గలదు. ఇది సొంత పొలము గల రైతువంటిది. రెండవది ప్రధాన ఫలకము మీది చిప్‌సెట్‌లోనే యిమిడియుండును. దానికి సొంత మెమరీ లేదు. కంప్యూటరు ప్రధాన మెమరీలో నొక తునకను దీసికొని, యందే బొమ్మ వ్రాసికొనును. ఇది కౌలు రైతువంటిది. 1999లో ఇంటెల్ సంస్థవారు 810 అను చిప్‌సెట్‌లో నిట్టి యేర్పాటు గావించిరి. 2005లో వెలువడిన 945జీ చిప్‌సెట్‌లోని గ్రాఫిక్స్ భాగమునకు జీఎంఏ 950 అని పేరు. అది 224 మెగాబైట్లవఱకు ప్రధాన మెమరీని వాడుకొనగలదు. 2011లో శాండీ బ్రిడ్జ్ అను పేర వచ్చిన ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ భాగమును ప్రాసెసరును ఒకే సిలికాన్ తునుకపై జేరినవి. నేడు మన యిండ్లలోని ల్యాప్‌టాప్‌లలో పెక్కింటికి వేఱు కార్డు లేదు. ఈ యిమిడియున్న భాగమే వాని తెరను నడపుచున్నది.

దీనికి ఖరీదు తక్కువ, విద్యుత్తు వ్యయము తక్కువ, వేడియు దక్కువ. గొప్ప గొప్ప ఆటలకును, చలనచిత్రములను గూర్చుటకును ఇది చాలకపోవచ్చును. చదువుకొనుటకు, వ్రాసికొనుటకు, లెక్కలు చేసికొనుటకు చక్కగా జాలును. అయితే ఒక్క నియమము గలదు: తన యెదుట నున్న తెర యెట్టిదో దానికి సరిగా దెలియవలయును. ఆ సంగతిని దానికి దెలుపువాడే డ్రైవరు.

2008వ సంవత్సరమున మన కంప్యూటరు గదిలో పండ్రెండు యంత్రము లుండెడివి. ఒక కార్యాలయమువారు తాము వాడుకొని విడిచినవానిని మన పిల్లల కొఱకు దయచేసిరి. అన్నిటియందును 945జీ చిప్‌సెట్టే. వెల పెట్టి కొననక్కఱలేని లినక్స్ వ్యవస్థలలో నొకటియగు డెబియన్, 2007 ఏప్రిలులో వెలువడిన నాలుగవ కూర్పు, వానిలో నుండెను. అప్పటివఱకు వెనుకవైపు గుమ్మడికాయవలె నుబ్బియుండు గాజుగొట్టపు తెరలను వాడుచుంటిమి. అవి అడ్డముగా 1024, నిలువుగా 768 చుక్కల కొలతతో నడచెడివి. అవి యొకటొకటిగా జెడిపోవుచుండగా, పూర్వవిద్యార్థులు తలయొకింత వేసికొని పండ్రెండు పలుచని తెరలు కొనియిచ్చిరి. ఇంతకుముందు చెప్పిన 1440, 900 చుక్కల తెరలే యవి. అవి వచ్చిన దినమున బిల్లల సంతోషము చెప్పనలవికాదు.

తెరలు వెలిగెను. కాని యక్షరములు నెమ్మదిగా లేవు. నీటిలో దడిసిన కాగితముమీది సిరావలె వాని యంచులు చెదరియుండెను. గుండ్రని సున్న కోడిగ్రుడ్డువలె సాగియుండెను. దీనికి గారణము లెక్కవలన సులభముగా దెలియును. యంత్రము పాత యలవాటు చొప్పున 1024, 768 చుక్కల బొమ్మనే పంపుచున్నది. తెర దానిని తన 1440, 900 చుక్కలపై బఱచుకొనవలసి వచ్చినది. అడ్డముగా 1.4 రెట్లు, నిలువుగా 1.17 రెట్లు సాగదీసిన గాని తెర నిండదు. అందుచే బ్రతి వృత్తమును ఎత్తుకంటె వెడల్పు హెచ్చై, 6కు 5 పాలుగా సాగిపోవును. అంతేకాదు, ఒక చుక్కను ఒకటిన్నర చుక్కగా జేయుట యెట్లు? ప్రక్కచుక్కపై గొంత రంగు పులుముటయే గతి. గాజుగొట్టపు తెరకు ఇన్ని చుక్కలే యను కట్టుబాటు లేదు గనుక అది యే కొలతకైనను లొంగెడిది. పలుచని తెర తనకు బుట్టుకతో వచ్చిన కొలతయందు మాత్రమే స్వచ్ఛముగా గనబడును.

ఆంగ్లాక్షరములకు దీనివలన గలిగిన నష్టము కొద్ది. తెలుగునకు గలిగినది పెద్ద నష్టము. మన లిపిలో ఒక చిన్న గీత, ఒక చిన్న చుక్క, యక్షరమునే మార్చివేయును. దకారమునకు గ్రింద చిన్న గీత చేరిన ధకారము. ధకారము నడుమ చుక్క చేరిన థకారము. రకారము నడుమ చుక్క యున్నచో ఠకారము. ఆ గీతయు నా చుక్కయు తెరపై నొకటి రెండు చుక్కల పాటివే. సాగదీతలో మొదట మాసిపోవునవి యవియే. వత్తుల సంగతి వేఱుగ జెప్పనేల!

ఎనిమిదవ తరగతిలో నొక బాలిక యుండెను. పొరుగూరినుండి నడచివచ్చి చదువుకొనునది. తండ్రి కౌలుసేద్యము చేసికొనువాడు. తెలుగు టైపు చేయుటయందు గదిలో నామెకు సాటి లేదు. క్రొత్త తెరలు వచ్చిన నెలలోపల ఆమె వ్రాతలో దప్పులు మెండయ్యెను. తెరపై జూచి మరల టైపు చేయుమన్న "పాఠము" "పారము" అగును. "కథ" "కధ" యగును. కన్నుల నీరు గ్రమ్మును, తలనొప్పి యనును. బిడ్డకు చూపు తగ్గినదని యెవరో తండ్రికి గబురంపిరి. ఆయన పనులు మానుకొని వచ్చి, గుమ్మము వెలుపలనే నిలిచి నన్నడిగెను: "అయ్యగారూ! మా పిల్ల కళ్లకేమైన వచ్చినదా? ఉన్న యొక్క గేదెను అమ్మి పట్నము తీసికొనిపోదమనుకొంటిని. చూపే లేని పిల్లకు చదువెందుకు, ఇంటిపట్టున నుంచుకొమ్మని మా వాళ్లనుచున్నారు."

నేను ఆ బాలికను తరగతి గదిలో కడపటి బల్లపై గూర్చుండబెట్టి, నల్లబల్లమీద చిన్న యక్షరములతో నొక వాక్యము వ్రాసితిని. తడువుకొనక చదివెను. వార్తాపత్రికలోని సన్నయక్షరములను జూపితిని; వత్తు తప్పక చదివెను. తక్కిన పిల్లలను విడివిడిగా నడుగగా, పదిమందిలో నార్గురు తమకును గన్నులు మండుచున్నవనియు, చెప్పిన గంప్యూటరు గదికి రానీయరేమో యని యూరకుంటిమనియు జెప్పిరి. కన్నుల పరీక్ష యెప్పుడును మంచిదే. వైద్యునియొద్దకు బోవలదని నేననలేదు. పట్నములో ఉచితముగా జూచు కంటివైద్యుల శిబిరము జరుగు దినము చెప్పి, గేదెను మాత్రము పదిదినములవఱకు అమ్మవలదని యాయనను వేడితిని.

ఇంతలో బాఠశాల పెద్దలయందు రెండభిప్రాయములు పుట్టెను. యంత్రములు పాతబడినవి గనుక పాత యినుము కొనువాని కిచ్చివేయుదమని కొందఱు. ఒక్కొక్కదానికి రెండువేల రూపాయల గ్రాఫిక్స్ కార్డు కొందమని కొందఱు. పండ్రెండింటికి 24,000 రూపాయలు, గ్రంథాలయమునకు బుస్తకములు కొనుటకై దాచిన సొమ్మునుండి తీయవలయును. నాలుగు సాయంకాలములు నాకు గడువిండని కోరితిని. పెద్దలు దయతో సమ్మతించిరి.

రోగమెచ్చటనో తెలియక మందు వేయరాదు. ఆ దినములలో లినక్స్‌నందు తెర వ్యవహారమంతయు ఎక్స్ విండో సిస్టమ్ అను దాని యధీనమున నుండెను. 1984లో అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమున రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెటిస్ అనువారు దానిని బ్రారంభించిరి; 1987లో దాని పదునొకండవ కూర్పు వెలువడెను. ఇది మేల్కొనునప్పుడెల్ల తాను జేసిన ప్రతి పనిని ఒక దినచర్యలో వ్రాసికొనును. దానికి లాగ్ అని పేరు. వందలకొలది పంక్తులుండును గాని భయపడనక్కఱలేదు. పంక్తి మొదట ఈఈ యను జంటయక్షరములున్న నది తప్పు. డబ్ల్యూడబ్ల్యూ యున్న నది హెచ్చరిక. ఐఐ యున్న నది సమాచారము. లెక్కలయం దాసక్తి గల నలుగురు పిల్లలను గూర్చుండబెట్టుకొని ఆ లాగును మొదటినుండి తుదివఱకు జదివితిమి.

అందులో మొదట మాకు దొరకినది తెర వ్రాసిపంపిన పరిచయపత్రము. ఈ మర్యాద మిక్కిలి ముచ్చటైనది. తెరను యంత్రమునకు దగిలించు తీగ కొసనున్న 15 సూదులలో 12వదియు 15వదియు బొమ్మను మోయవు, అవి మాటలాడుకొనుటకు. వానిద్వారా తెర తన్ను గూర్చి 128 బైట్ల పత్రమును యంత్రమునకు బంపును. దానికి ఈడీఐడీ యని పేరు. మొదటి యెనిమిది బైట్లు గుర్తు: ఒక సున్న, పిదప ఆఱు 255లు, మరల సున్న. తరువాత చేసినవారి గుర్తు, చేసిన సంవత్సరము, సెంటీమీటర్లలో తెర వెడల్పు, ఎత్తు మొదలగునవి. అటుపిమ్మట 18 బైట్లలో దనకు మిక్కిలి యనుకూలమగు కొలత. కడపటి బైటు లెక్క సరిచూచుట కుద్దేశింపబడినది: 128 బైట్లను గూడి 256చే భాగించిన శేషము మిగులరాదు. మా నలుగురు పిల్లలును ఆ 128 సంఖ్యలను కాగితముపై గూడిరి. శేషము సున్న! ఆ దినమున వారి ముఖములు చూడవలసినవి. తెర సత్యమే చెప్పినది. చెప్పిన మాట చెడక చేరినది. తన కొలత 1440, 900 అని స్పష్టముగా నున్నది.

అట్లైన నడ్డమెక్కడ? కొన్ని పంక్తుల క్రింద సమాధానము దొరకెను. 1440, 900 అను పేరు గల రీతి లేదు గనుక దానిని విడిచిపెట్టితినని డ్రైవరు వ్రాసికొనియున్నది. నాటి డెబియన్‌లో ఈ చిప్‌సెట్లను నడపు డ్రైవరునకు ఐ810 అని పేరు. అది కొలతలను దానుగా జిప్‌నకు జెప్పెడిది కాదు. ప్రధాన ఫలకముపై శాశ్వతముగా వ్రాయబడియుండు వీడియో బయాస్ అను దానిని అడుగును; ఆ బయాస్‌లో నొక పట్టిక యుండును; పట్టికలో నున్న కొలతలు మాత్రమే చెల్లును. బంతిలో విస్తరి ఖాళీగా నున్నను, వచ్చినవాని పేరు జాబితాలో లేదని వడ్డింపకపోయినట్లు, చిప్‌నకు శక్తియున్నను తెరకు సిద్ధతయున్నను నడుమ పట్టిక యడ్డుపడినది. ఇందెవరిని నిందింపగలము? ఆ పట్టిక వ్రాసిన నాటికి బల్లలపై వెడల్పు తెరలరుదు. నిన్నటి లోకమునకు సరిపోయిన జాబితా నేటి యతిథిని ఎఱుగదు, అంతియే.

ఇక మందు. ఎక్స్ వ్యవస్థకు నియమములు వ్రాసియిచ్చు పత్రమునకు ఎక్సార్గ్ కాన్ఫ్ అని పేరు. అందు ముఖ్యమైన ప్రకరణములు మూడు: డివైస్ ప్రకరణమున గ్రాఫిక్స్ భాగము పేరును డ్రైవరు పేరును, మానిటర్ ప్రకరణమున తెర యోర్వగల వేగములు, స్క్రీన్ ప్రకరణమున నీ రెంటిని ముడివేసి, కావలసిన కొలత. ఏదియు మార్చకముందు ఆ పత్రమునకు నకలు దీసి వేఱుపేర దాచితిని. కొలతను స్క్రీన్ ప్రకరణమున వ్రాసినంతమాత్రమున జాలదని లాగే చెప్పుచున్నది. వెసా యను సామాన్య డ్రైవరొకటి గలదు. అది బాడుగబండివానివంటిది, ఎవరి బండినైన దోలును గాని రాజబాట దప్ప నెఱుగదు. అదియు నా పట్టికనే యాశ్రయించును. కావున బట్టికనే దిద్దవలయును.

అందుకై 915రిజొల్యూషన్ అను చిన్న కార్యక్రమ మొకటి యుదారులచే వ్రాయబడి యెల్లరకు నుచితముగా లభించుచుండెను. యంత్రము మేల్కొనునప్పుడు వీడియో బయాస్ నకలొకటి మెమరీలోనికి వచ్చును. ఆ నకలులోని పట్టికయందు మనకు బనికిరాని యొక కొలతను దుడిచి, దాని స్థానమున మనకు గావలసిన కొలతను ఈ కార్యక్రమము వ్రాయును. ఫలకముపైని యసలు వ్రాత చెక్కుచెదరదు. ఇది పలకపై బలపపు వ్రాతవంటిది, యంత్రమునాపిన దుడిచిపోవును. కావున బ్రతి ఉదయమున ఎక్స్ మేల్కొనకముందే యీ దిద్దుబాటు జరుగునట్లు ప్రారంభకార్యముల వరుసలో దానిని జేర్చితిని. మొదట నొక్క యంత్రమున జేసి, ఒక దినమంతయు జూచి, పిదప దక్కిన పదునొకండింటను జేసితిమి. మూడవ సాయంకాలమునకు బండ్రెండు తెరలును దమ సొంత కొలతకు వచ్చెను. పండ్రెండింటికి నైన వ్యయము సున్న.

మఱునాటి యుదయమున నా బాలికను బిలిచి, తెరపై "పాఠము", "కథ", "ధర్మము", "భారము" అను మాటలుంచి చదువుమంటిని. చదివినది. పిదప దాను వ్రాసిన పాత వ్రాతలను దానే తెఱచి, తప్పులున్నచోట్ల వ్రేలుంచి, "మాస్టరుగారూ, ఈ చుక్క నాకెన్నడును గనబడలేదండీ" యన్నది. శిబిరములో వైద్యులు చూచి, అద్దము లక్కఱలేదనిరి. తండ్రి గేదెను అమ్మలేదు. గ్రంథాలయపు సొమ్ముతో బుస్తకములే వచ్చినవి. ఆ బాలిక పదవ తరగతివఱకు మన పాఠశాలయందే చదివెను.

2009 ఫిబ్రవరిలో డెబియన్ అయిదవ కూర్పు వెలువడగా దానిని నెలకొల్పితిమి. అందులోని క్రొత్త డ్రైవరు పేరు ఇంటెల్. అది బయాస్ పట్టికను లక్ష్యపెట్టక, తెర వ్రాసిపంపిన పత్రమును దానే చదివి, చిప్‌నకు గొలతను దానే చెప్పును. మా దిద్దుబాటును దీసివేసితిమి. పదునొకండు యంత్రములు ఏ నియమపత్రమును లేకయే సరిగా మేల్కొనినవి. పండ్రెండవది మాత్రము మరల బాత కొలతకే పోయెను. పిల్లలలో నొకడు తీగ కొసను విప్పి చూచి, 12వ సూది విఱిగియున్నదని కనిపెట్టెను. మాటలాడుకొను సూది లేనందున దెర తన కొలతను జెప్పుకొనలేకపోయినది. క్రొత్త తీగ పట్నమునుండి వచ్చువఱకు ఆ కొలతను మేమే చేతితో వ్రాయవలసివచ్చెను.

ఆ వ్రాతకు మోడ్‌లైన్ అని పేరు. సీవీటీ యను నాజ్ఞకు 1440, 900 అని చెప్పినచో నది యీ సంఖ్యల నిచ్చును: 106.50; పిదప 1440, 1528, 1672, 1904; అటుపిమ్మట 900, 903, 909, 934. మొదటిది సెకనునకు బది లక్షల లెక్కన బంపవలసిన చుక్కల వేగము. అనగా 10 కోట్ల 65 లక్షల చుక్కలు. ఒక్కొక్క వరుసలో గనబడునవి 1440 చుక్కలే యైనను, వరుస తుదినుండి మరుసటి వరుస మొదటికి మరలుటకు గొంత విరామమును గలిపి 1904 చుక్కల కాలము పట్టును. అట్లే వరుసలు 900 కనబడినను, 934 వరుసల కాలము పట్టును. నడుమనున్న సంఖ్యలు వరుస మార్చుమనియు, పుట మార్చుమనియు సంజ్ఞ చేయవలసిన తావులు. 1904ను 934చే గుణించిన 17,78,336. 10,65,00,000ను దానిచే భాగించిన 59.89. అనగా సెకనునకు రమారమి 60 బొమ్మలు. ఈ లెక్కను తొమ్మిదవ తరగతివారు నల్లబల్లపై జేసి సరిచూచిరి. భాగహారమునకు లోకమున నేమి ప్రయోజనమని యడుగువారికి ఆ తెరయే యుత్తరము.

కాలము మాఱినది. 2009 మార్చిలో వెలువడిన లినక్స్ 2.6.29 కెర్నెలునుండి ఇంటెల్ చిప్‌సెట్ల తెర కొలతను నిర్ణయించుపని వ్యవస్థ నడిబొడ్డగు కెర్నెలునకే చేరినది. నేటి వ్యవస్థలు పెక్కింట నియమపత్రము వ్రాయనక్కఱయే లేదు. అయినను వ్యాధి పూర్తిగా బోలేదు. ఒకే తెరను రెండు యంత్రములు పంచుకొను పెట్టెలు, చౌకబాఱు తగిలింపులు, విఱిగిన సూదులు తెర పత్రమును నేటికిని మ్రింగివేయుచున్నవి. వ్యవస్థను నెలకొల్పునప్పుడు చిక్కు వచ్చిన "నోమోడ్‌సెట్" అను మాటను చేర్చి పని గడపుకొని, పిదప దానిని దీసివేయుట మఱచినచో, అసలు డ్రైవరు పనిచేయక తెర మందముగానే నిలుచును.

కావున మీ యింటనో, మీ యూరి గ్రంథాలయముననో తెర మసకగా దోచినచో ఈ క్రమమును బాటింపుడు. మొదట, తెర పుట్టుకొలత యెంతయో దాని వెనుక చీటీమీదనో పుస్తకముననో చూడుడు. రెండవది, యంత్రము పంపుచున్న కొలత యెంతయో చూచి రెంటిని బోల్చుడు. మూడవది, ఏ డ్రైవరు నడపుచున్నదో తెలిసికొనుడు. లినక్స్‌లో ఎల్ఎస్‌పీసీఐ యను నాజ్ఞ దానిని జెప్పును. నాలుగవది, తీగ కొసలను విప్పి సూదులను జూడుడు. అయిదవది, లాగును జదువుడు. ఏదైన మార్చునప్పుడు నకలు దీసియుంచి, ఒక్కొక్క మార్పే చేసి, చేసినదానిని కాగితముపై వ్రాసికొనుడు. తెర పూర్తిగా నల్లబడినను దిగులుపడకుడు. కంట్రోల్, ఆల్ట్ మీటలతో ఎఫ్3వంటి మీటను నొక్కిన నక్షరములు మాత్రమే కనబడు వేఱొక తెర సామాన్యముగా దెఱచుకొనును. అందుండి నకలును మరల యథాస్థానమున నుంచవచ్చును.

విద్యార్థులారా! సొంత మెమరీ లేదని ఆ చిప్‌ను నాడు పెక్కుమంది చులకన జేసిరి. కౌలుపొలమైనను దున్నువానికి నేల తీరు తెలిసిన బంట పండును. ఆ పండ్రెండు యంత్రములును మఱి యైదేండ్లు పిల్లలకు దెలుగు నేర్పినవి. వానికి లోపించినది శక్తి గాదు. ఎదుటనున్నది యెవరో చెప్పు మధ్యవర్తి. పాత పట్టికను జూచి ఎదుటివాని నిర్ణయించుట తేలిక. వాడు తన్ను గూర్చి చెప్పుకొనుమాట వినుట కొంచెము శ్రమ. బిడ్డ చదువలేదని తోచినప్పుడు తల్లిదండ్రులును, ఉపాధ్యాయులమగు మేమును మొదట బిడ్డ యెదుట నుంచినది సరిగా గనబడుచున్నదో లేదో చూతము. అటుపిమ్మట బిడ్డను గూర్చి మాటలాడుదము.